మరగబెట్టని నూలు

జంతువుల ఉన్ని ముట్టకూడదని లోకమంతా అనుకున్నాక, అరకులో స్వెటర్లన్నీ ప్రాణమున్న అరటి నూలుతోనే అల్లుతున్నారు. ఆ నూలు తొడుక్కున్నవాళ్ళ ఒంటి తీరు నేర్చుకుంటుంది. అందుకే మనిషి పోతే నూలును మరగబెట్టి, చంపాకే మళ్ళీ అల్లుతారు. పెద్దకూతురు హైమ పోయినప్పుడు వకుళ ఆ పని చెయ్యలేదు. హైమ స్వెటరు విప్పి, అదే నూలుతో చిన్నకూతురు చిత్రకి అల్లింది.

నెల తిరిగేసరికి చిత్ర అచ్చం హైమలాగే ఎడమ భుజం ఎత్తి నడుస్తోంది. అన్నంలో కరివేపాకు ఏరి కంచం అంచున పేరుస్తోంది. ఎవరిని చూస్తోందో తనకు తానే చెప్పుకోకుండా వకుళ కళ్ళప్పగించి చూసేది.

"ఏటే, ఆ నూలు మరగబెట్టలేదేటి నువ్వు?" అన్నాడు భర్త సింహాద్రి. "మనకి మిగిలింది ఇదొక్కతే. దీన్నీ పోగొడతావేటి?"

వకుళ సిగ్గుపడింది. పొయ్యి మీద నీళ్ళు పెట్టి, "స్వెటరు తీసియ్యమ్మా" అంది.

చిత్ర దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. "తీసేస్తే నన్నిలా చూస్తావేటమ్మా? ముందు చూసీదానివి కాదు కదా."

నీళ్ళు తెర్లుతున్నాయి. వకుళ పొయ్యి కట్టేసి, పిల్ల మెడ దగ్గర విడిన కొబ్బరిచిప్ప గుండీ పెట్టింది.