మూడోసారి

జేసీబీ ఆగిపోయింది.

బాల్వాడీ మెట్టు మీద ఓ ముసలమ్మ కూర్చుని ఉంది. తొంభై దాటి ఉంటాయి. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. తాపీగా బీడీలు చుడుతోంది.

విడీ ఘర్కుల్ ఆ మరాఠీ పట్నంలో తెలుగు బీడీ కార్మికుల కాలనీ. అక్కడి ఆడవాళ్లు రోజంతా బీడీలు చుడుతుంటే వాళ్ల పిల్లలు ఉండేది ఆ రెండు గదుల్లోనే. వాటిని కూల్చి షాపింగ్ కాంప్లెక్స్ కట్టమని సంతకం పెట్టింది అపర్ణ. కార్పొరేటర్‌గా గెలిచి నలభై రోజులైంది. సంతకం పెట్టడం ఇంకా ముచ్చటగానే ఉంది.

"ఎవరామె?" అంది కారు దిగుతూ.

"మాజీ అంటరు తాయీ," అన్నాడు కార్యకర్త మంగేశ్. "కాలనీ అంతా గట్లనే పిలుస్తది."

అపర్ణ భవాని పేట్‌లో మరమగ్గాల కార్ఖానా యజమాని కూతురు. ఓట్లు అడగడానికి తప్ప ఈ కాలనీలో అడుగు పెట్టలేదు. హిందీలో అమ్మగారిని మాజీ అంటారు కదా, పెద్దావిడని అలా పిలుస్తున్నారనుకుంది. తనూ అలాగే పిలిచింది.

"మాజీ, లేవుండ్రి. మిషిన్ తగుల్తది."

"తగలనీ."

"కొత్త బిల్డింగుల మూడో మజలాల బాల్వాడీ ఇస్తం."

"రెండేండ్ల పోరలు మూడో మజలా ఎక్కుతరా బిడ్డా? రోజూ నువ్వొచ్చి ఎత్తుకపోతవా?"

చుట్టూ ఆడవాళ్లు పకపకా నవ్వారు. అపర్ణకు ఒళ్లు మండింది.

"నోటీస్ ఇచ్చినం. ఇది సర్కారీ పని. అడ్డం కూసుంటే పోలీసులను పిలుస్త."

"పిలువు. వాళ్లేమన్న నాకు కొత్తనా?"

"చదువు రానోళ్లతోని ఏం మాట్లాడ్తం?" అంది అపర్ణ మంగేశ్‌తో, అందరికీ వినపడేటట్టే.

ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు వచ్చి ఆమెను చాటతో సహా ఎత్తారు. ఆమె గింజుకోలేదు. ఆకు కింద పడకుండా చాట మాత్రం గట్టిగా పట్టుకుంది.

"మెల్లగ పిల్లా," అంది. "నన్ను ఎత్తుకపోవుడు ఇది మూడోసారి. చిన్నప్పుడు నిజాం పోలీసులు ఎత్తుకపొయిన్రు. ఎమర్జెన్సీల మనోళ్లే ఎత్తుకపొయిన్రు. రెండుసార్లూ తిరిగొచ్చిన."

ముసలివాళ్ల మాటలు కోటలు దాటుతాయిలే అనుకుంది అపర్ణ.

పావుగంటలో గోడలు నేలమట్టమయ్యాయి.

మధ్యాహ్నం వార్డు ఆఫీసులో రికార్డు గుమాస్తా సిద్ధరాములు పాత ఫైలొకటి పట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు.

"తాయీ, గజబ్ అయింది. ఆ జాగ మనది కాదు. బాల్వాడీ కోసమని దానమిచ్చిన జాగ. బాల్వాడీ తీసేస్తే ఇచ్చినోళ్లకే వాపస్ అని రాసున్నది."

"ఇచ్చింది ఎవరు?"

"ఇంకెవరు? మాజీ."

"ఆ బీడీల ముసలమ్మనా? ఆమెకు జాగ ఎక్కడిది?"

సిద్ధరాములు ఆమెను వింతగా చూశాడు. కాగితం తిప్పి, మరాఠీ అక్షరాల మీద వేలు పెట్టాడు.

శ్రీమతి శాంత ఎల్లయ్య, మాజీ ఆమ్దార్.

అపర్ణ రెండుసార్లు చదివింది. మాజీ ఎమ్మెల్యే! కాలనీ అంతా ఆమెను మాజీ అంటున్నది అందుకే. తానొక్కతే అమ్మగారనుకుంది.

"పద్నాలుగేండ్లప్పుడు సరిహద్దు క్యాంపు నుంచి నిజాం రాజ్యంలకు తుపాకులు మోసింది తాయీ," అన్నాడు సిద్ధరాములు. "ఎమర్జెన్సీల జైలుకు పొయింది. రెండుసార్లు ఆమ్దార్ అయింది. ఓడిపొయినంక మల్ల చాట పట్టింది. ఇల్లు కట్టుకోనీకె ఉన్న జాగ పిల్లలకు రాసిచ్చింది. మీకు ఎరుకలేదా?"

అపర్ణకు తల కొట్టేసినట్టయింది.

ఆమె బాల్వాడీ దగ్గరికి వెళ్లేసరికి కూలిన ఇటుకల పక్కన ఆడవాళ్లు టార్పాలిన్ కడుతున్నారు. దాని కింద పిల్లలు గోల చేస్తున్నారు. వాళ్ల మధ్యలో, మూడోసారీ తిరిగొచ్చి, ముసలమ్మ బీడీలు చుడుతోంది.

"మీరెవరో ఒక్క మాట చెప్తే ఆపుదును గద అమ్మా," అంది అపర్ణ.

"ఆపుతవని ఎరుకే," అంది ముసలమ్మ, బీడీకి దారం చుడుతూ. "ఆమ్దార్ కూసుంటే ఎవ్వలైనా ఆపుతరు. బీడీలు చేసే ముసల్ది కూసున్నా మిషిన్ ఆగాలెననే గద బిడ్డా, మేం కొట్లాడింది."