చివరి నాలుగు ఊర్లు

కరువు జాబితాలో మా ఊరుంది. వేరుశనగ మా ఊర్లో లాగే మాడిపోయిన పక్క నాలుగు ఊర్లు లేవు. ఊరూరి వాన లెక్క నగరంలోని ఆఫీసుకు పంపే కంప్యూటర్ ప్రోగ్రాం మా తమ్ముడు అతావుల్లా రాసిందే. అన్నం వడ్డిస్తూ ఎందుకలా అని అడిగాను.

“ఒగే తూరి అంతా పోదక్కా. ఎంత పోయిందో చూసి, మిగిలింది మళ్ళీ పంపాల. నేను ఆ పని పెట్టలేదు. చివరి నాలుగు ఊర్ల లెక్క ఈడనే నిలిచిపోతాండాది.”

“లెక్క రాకుంటే?”

“కరువు లేదనుకుంటారు.”

“తెలిసీ సరిచెయ్యలేదా?”

“ఎవురడిగినారు? ఆఫీసోళ్ళకు ‘పంపినాం’ అని కనపడితే చాలు,” అని ఎముక చప్పరించాడు.

వాడి పక్కన కూర్చోవడానికే రోత పుట్టింది. గిన్నె దూరంగా జరిపాను.

“ఈ పొద్దే సరిచెయ్. లేకుంటే నా చేతి కూడు తినొద్దు. థూ, నువ్వు మనిషివేనా?”

వాడు నవ్వాడు.

“నన్ను తిడతాండావా? పంపే వరసలో చివర ఉన్నింది మన ఊరే. దాన్ని తెచ్చి మొదట పెట్టినా. మన ఊరు జాబితాలోకి రావాలని ఐదు పూటలా నమాజులో దువా చేసింది నువ్వు కాదా?”