సారు కొలిచిన మగపిట్ట

ఈ ఉదయం పంజరంలోని గూట్లో రెండు గుడ్లు కనబడ్డాయి. నిన్న సాయంత్రం ఒక్కటీ లేదు.

"చూశావా తల్లీ, మన జంట కాపురం! ఈ ఏడాది పిల్లలు రాకపోతే మన పిట్టల పెంపక కేంద్రం మూసేస్తామని పైఅధికారులు అన్నారుగా, ఇప్పుడు రమ్మను వాళ్ళని!" అంటూ సారు పెళ్ళిపెద్దలా తిరుగుతున్నారు.

ఈ అడవిపిట్టల్లో ఆడా మగా ఒక్కలాగే ఉంటాయి. రెక్క కొలిచినప్పుడు స్కేలు మీది ఎర్రగీత దాటితే మగది. వలలో మూడు పడ్డాయి. మొదటిదాన్ని సారు స్వయంగా కొలిచారు. రెక్కను బొటనవేలితో గట్టిగా అదమడం ఆయన పద్ధతి. పాపం రెక్క సాగింది, గీత దాటింది, మగదైపోయింది. మిగిలిన రెండూ నేను నొక్కకుండా కొలిచాను. ఒకటి ఆడది, ఒకటి మగది.

"సార్, పిట్ట రోజుకు ఒక్క గుడ్డే పెడుతుంది కదా?"

"మనది హుషారైన పిట్టమ్మా."

"మగపిట్ట పాడుతుందంటారు. ఇది ఇంతవరకు నోరే విప్పలేదు."

"సంసారంలో పడ్డాక మగాడు నోరెత్తుతాడా? పిచ్చిపిల్లా!"

"ఒక్కసారి మళ్ళీ కొలుద్దామా సార్?"

"గుడ్ల మీదున్న తండ్రిని లేపుతారా ఎవరైనా? ఎంత బాధ్యతో చూడు."

చూశాను. తండ్రిగారూ తల్లిగారూ ఒకే గూట్లో ఇరుక్కుని, ఎవరి గుడ్డు మీద వారు కూర్చున్నారు.

రెండు మగవైతే కొట్టుకుంటాయని, నేను కొలిచిన మగదాన్ని సారు పోయిన నెలే అడవిలో వదిలేశారు. ఉన్నన్నాళ్ళూ అది రోజూ పొద్దున్నే పాడేది.