అడిగి ఊరుకోవడం

"ఇంట్లో ఏమైనా గొడవ జరిగిందామ్మా?" అని మెల్లగా అడిగి, డీన్ ఊరుకున్నాడు.

పక్కనే నిలబడ్డ లెక్చరరు ఆ ఎత్తును గుర్తుపట్టింది. ఒకప్పుడు సైకాలజీ ప్రొఫెసరుగా ఆయన ఆమెకు నేర్పిన మొదటి పాఠమే అది. అడిగి ఊరుకుంటే చాలు, ఆ నిశ్శబ్దం భరించలేక ఎదుటివాళ్ళే నోరు విప్పుతారు.

ఎదురుగా, ఆత్మహత్య చేసుకున్న విద్యార్థిని తల్లి. కూతురి హాస్టల్ గది తాళంచెవిని చేతిలో తిప్పుతూ తిప్పుతూ, చివరికి అంది.

"మొన్న ఫోన్లో కసిరాను సార్. చదవలేక ఏడుపొకటా అన్నాను. నేనే పొట్టన పెట్టుకున్నాను."

"మిమ్మల్ని మీరు తిట్టుకోకండి." డీన్ కుర్చీలో వెనక్కి వాలాడు. ముఖంలో జాలి ఉంది, గండం గడిచిన నిమ్మళమూ ఉంది. "ఇంటి సమస్యేనన్నమాట. విచారణ కమిటీకి అదే చెబుదాం."

లెక్చరరు కుర్చీ లాక్కుని తల్లి పక్కన కూర్చుంది.

"ఆ పిల్లను మీ దగ్గరికి నేనే పంపాను సార్. మీకంటే ఓపిగ్గా వినేవాళ్ళు లేరని చెప్పాను. వచ్చిందా?"

"ఎంతమందో వస్తారు. అందరూ ఎక్కడ గుర్తుంటారు?"

లెక్చరరు ఇంకేమీ అడగలేదు. ఆయన్నే చూస్తూ ఊరుకుంది. తల్లి కూడా తలెత్తింది.

ఆమె చేస్తున్నదేమిటో డీన్‌కు తెలుసు. పంటి బిగువున ఆగాడు. నీళ్ళు తాగాడు. తలుపు వంక చూశాడు.

"వచ్చింది," అన్నాడు చివరికి. "కాసేపు కూర్చోవచ్చా సార్, అంది. మీటింగుంది, సోమవారం రమ్మన్నాను."

తల్లి తాళంచెవి ఆయన బల్ల మీద పెట్టి, ఆయన్నే చూస్తూ కూర్చుంది.