చెల్లే సంతకం

"నీ సంతకం చెల్లదురా ఫ్లాకో. పెన్ను అమ్మకివ్వు," అన్నాడు కోచ్ హసింతో.

"ఇదెక్కడి న్యాయం? బంతి విసిరే చెయ్యి నాది, సంతకం పెట్టే చెయ్యి అమ్మదా?"

"పద్దెనిమిది నిండనివాడు దేని కింద సంతకం పెట్టినా, రేపు కాదు పొమ్మనొచ్చు. చట్టం అంతే. అందుకే పెద్దవాళ్ళు పెట్టాలి. నోరు మూసుకుని కూర్చో."

ఈ ముక్క చెబుతూ హసింతో ఓరకంట తులియో వైపు చూశాడు. తులియో అమెరికా క్లబ్బు తరఫున ద్వీపమంతా తిరిగి బేస్‌బాల్ పిల్లల్ని ఏరే మనిషి. ఆయన సరేనన్నట్టు తల ఊపేసరికి హసింతోకి ప్రాణం లేచొచ్చింది.

సాన్ పెద్రో శివార్లలో, చెరకు తోటలకి ఆనుకుని ఉన్న ఆ రేకుల ఇంట్లో ఆరోజు పెళ్ళి సందడి. పెరట్లో పొయ్యి మీద సాంకోచో కుతకుతా ఉడుకుతోంది. ఇంట్లో మిగిలిన ఒక్క కోడినీ ఆ పులుసులో వేసేసింది ఫ్లాకో తల్లి ఎనెరీదా. ఒప్పందం కుదిరితే ఈ రేకులు పోయి స్లాబు వస్తుంది. కుదరకపోతే హసింతో ఇన్నేళ్ళూ ఫ్లాకోకి పెట్టిన తిండీ, కొన్న బూట్లూ బూడిదలో పోసినట్టే.

"దార్విన్!" కాగితంలో పేరు చూసి పిలిచాడు తులియో.

ఫ్లాకో పలకలేదు. చింతపండు రసం గ్లాసులు అందిస్తున్న వాడి తోడబుట్టినవాడు గోర్దో మాత్రం చటుక్కున తల తిప్పాడు.

హసింతో గట్టిగా దగ్గాడు. "మా పేటలో అందరికీ ముద్దుపేర్లే సార్. బక్కోడు ఫ్లాకో, బొద్దోడు గోర్దో. అసలు పేర్లు వీళ్ళకే గుర్తుండి చావవు."

"నాకు చెబుతావేంటయ్యా! మా ఊళ్ళో నన్ను ఇప్పటికీ చెవులోడనే అంటారు," అని నవ్వాడు తులియో. తర్వాత కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఆఖరి షరతు చదువుతాను, జాగ్రత్తగా వినమ్మా. పేరు గానీ, వయసు గానీ అబద్ధమని తేలితే ఒప్పందం రద్దు. ఇచ్చిందంతా వెనక్కి. మీవాడు మళ్ళీ ఏ క్లబ్బు గడపా తొక్కలేడు. సమ్మతమేనా?"

ఎనెరీదా చేతులు గౌనుకి తుడుచుకుంది. "పేటలో ఎవర్నడిగినా చెబుతారు సార్, పదహారేనని."

"అడిగించాంలే. పొల్లు పోకుండా అందరూ ఒకే మాట చెప్పారు."

ఆవిడ సంతకం పెట్టింది. ఇల్లంతా చప్పట్లు. హసింతోకి కళ్ళనీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనుకోలేదు.

ఫోటో కోసం ఫ్లాకో కొత్త టోపీ పెట్టుకుని పెరట్లో బంతి విసిరాడు. ఉత్సాహం ఎక్కువై అది కంచె దాటి, వీధి దాటి, అవతల కిరాణా కొట్టు అరుగు కిందికి దొర్లింది.

"గోర్దో, పట్రా పో," అంది తల్లి.

గోర్దోని మూడేళ్ళుగా మైదానం దరిదాపులకి రానివ్వలేదు హసింతో. "వయసు మీరినోడివి, తమ్ముడి దారికి అడ్డం రాకు!" అని నలుగురిలో కసిరి తరిమేవాడు. పాపం, గోర్దో చెరకు తోట వెనక ఒక్కడే రాళ్ళు విసురుకుంటూ పొద్దుపుచ్చేవాడు.

బంతి తీసుకుని గోర్దో వీధి దాటబోయాడు. మోటారు సైకిళ్ళు తెరిపి ఇవ్వలేదు. విసుగొచ్చి అక్కడి నుంచే విసిరేశాడు.

హసింతో గ్లవ్ ఫట్‌మని మోగింది. ఆ దెబ్బకి ఆయన వెనక్కి తూలి అరటి మొక్క పట్టుకున్నాడు.

తులియో చేతిలో పళ్ళెం కింద పెట్టేశాడు. కారు దగ్గరికి వెళ్ళి వేగం కొలిచే యంత్రం తెచ్చాడు. "ఏదీ, మళ్ళీ వెయ్యి బాబూ."

గోర్దో వేశాడు. తులియో అంకె చూశాడు. యంత్రం పాడైందేమోనని అరచేత్తో తట్టాడు. మళ్ళీ వేయించాడు. అదే అంకె. ఇందాక సంతకం చేయించుకున్న ఫ్లాకో వేగాన్ని మించి ఎక్కడికో పోయింది.

"అమ్మ బాబోయ్! ఇన్నేళ్ళ నా తిరుగుడులో ఇలాంటి చెయ్యి చూడలేదు," అన్నాడు తులియో. "నీ వయసెంత నాయనా?"

గోర్దో తల్లి వైపు చూశాడు. తల్లి హసింతో వైపు చూసింది. హసింతో బల్ల మీది కాగితం వైపు చూశాడు. సిరా ఇంకా తడిగానే ఉంది.

ఎనెరీదాయే నోరు విప్పింది. "పందొమ్మిది సార్."

"పందొమ్మిదా!" తులియో ఉసూరుమంటూ కూలబడ్డాడు. "అంటే మా లెక్కలో ముసలాడే. ఎంత పనైపోయింది! పదహారే అయ్యుంటే తమ్ముడికిచ్చినదానికి పదింతలు ఇప్పించేవాణ్ణి. ఇంట్లోనే వజ్రం పెట్టుకుని ఇన్నాళ్ళూ ఏం చేశావయ్యా హసింతో, గుడ్డిగుర్రం పళ్ళు తోమావా?"

"కనిపెట్టలేకపోయాను సార్," అన్నాడు హసింతో.

తులియోకి పులుసు సయించలేదు. మర్యాదకి రెండు చెంచాలు తాగి, ఫ్లాకో భుజం తట్టి, గోర్దో చెయ్యి ఒకసారి పట్టుకు చూసి, తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ కారు మలుపు తిరిగాక ఎనెరీదా తలుపు గడియ పెట్టి, గోర్దోని గుండెకి హత్తుకుని భోరుమంది, "మీ అన్నకి నీ పేరూ, నీ వయసూ తొడిగి, పదహారేళ్ళకే నిన్ను ముసలాణ్ణి చేసేశాను కదరా చిన్నోడా!"