నూరువరహాల పొద

ఈస్టరుకు ముందు శనివారం, పదకొండు గంటలకల్లా లూథరన్ చర్చి వెనకున్న సమాధుల తోట నున్నగా అయిపోయింది. రాజరత్నం మాస్టారు గేటు దగ్గరికి వచ్చేసరికి జేసీబీ మధ్యలో ఆగి ఉంది. ఉత్తరేణి, అడవి తులసి, తంగేడు, మూలనున్న రేగు చెట్టు, అన్నీ కలిపి గోడవార కుప్ప పోశారు. కుప్ప మీద ఒక తొండ తల ఎత్తి చూస్తోంది. ఎటు పోవాలో దానికి తెలిసినట్టు లేదు.

మిగిలింది ఒక్క నూరువరహాల పొద. చదునైన మట్టిలో అదొక్కటే ఎర్రగా పూసి నిలబడింది.

"దాంట్లో గూడుందండి. పికిలిపిట్ట పిల్లలు, మూడు. నాకు చెయ్యాడలేదు," అన్నాడు డ్రైవరు చినబాబు.

సంఘ కార్యదర్శి విజయ్ పాల్ నవ్వాడు. ఒకప్పుడు మాస్టారి దగ్గరే సైన్సు చదువుకున్నవాడు. "పిట్ట కోసం పండగ ఆపుకుంటామా? టీ తాగొచ్చి అది కూడా లాగెయ్."

గేటు పక్కన కొత్త బోర్డు నిలబెట్టారు. 'జీవవైవిధ్య ఉద్యానం' అని ఉంది, పక్కన రంగురంగుల పిట్ట ఫొటో. కడియం నర్సరీల నుంచి లారీలో వచ్చిన మొక్కలు, అన్నీ ఒకే రకం, ఒకే ఎత్తు, నల్ల కవర్లలో వరసగా ఉన్నాయి. పచ్చదనానికి బహుమతి ఇచ్చేవాళ్ళు వచ్చే వారం చూడటానికి వస్తారట.

"విజయ్, ఈ బోర్డు మీద పిట్ట మన దేశంలో ఉండదు," అన్నారు మాస్టారు.

"ఫొటో బాగుందని వేయించామండి. ఎవరు చూస్తారు?"

"చూడటానికేగా బోర్డు."

సిమెంటుతో సమాధి కట్టించే స్తోమత లేనివాళ్ళు తలవైపు ఒక మొక్క నాటుకోవడం ఆ తోటలో అలవాటు. ఆ మొక్కే పేరు, ఆ మొక్కే తేదీ. కూలికి వెళ్ళే పాపాయమ్మ తన భర్త తల దగ్గరి బిళ్ళగన్నేరు వదిలెయ్యమని పొద్దున్నే బతిమాలిందట. ఒకళ్ళకి వదిలితే అందరూ అడుగుతారని, మట్టి సమాధుల మీద ఒక్క మొక్కా ఉండకూడదని కమిటీ తీర్మానించిందని విజయ్ పాల్ చెప్పాడట. ఆ తీర్మానం రాసిందీ అతనే. ఇప్పుడామె కుప్పలో ఆ మొక్క కోసం వెతుకుతోంది. దొరికితే ఎక్కడ నాటాలో ఆమెకు తెలియదు.

"మేడం గారిది ఎక్కడుండేదండి?" అని అడిగాడు విజయ్ పాల్. మాస్టారి భార్య సంపూర్ణమ్మ పోయి ఐదేళ్ళు.

మాస్టారు నేల వైపు చూశారు. "ఈ మట్టిలోనే."

"చూశారా, మీకే తెలీట్లేదు. సిమెంటు కట్టించండి మాస్టారండీ అని అప్పుడే చెప్పాను."

మాస్టారు పొద వైపు తిరిగారు. "ఆ పొద ఉంచు విజయ్. పిల్లలు ఎగిరిపోయేదాకా. పది రోజులు చాలు."

"తీర్మానం తీర్మానమేనండి."

చినబాబు టీ తాగి వచ్చి ఇంజను స్టార్ట్ చేశాడు. ఇనుప చెయ్యి పైకి లేచింది. తల్లి పిట్ట దాని మీదే వాలి అరవడం మొదలుపెట్టింది. అప్పుడే రాజమండ్రి నుంచి వ్యాను వచ్చి గేటు దగ్గర ఆగింది. అందులో నల్ల గ్రానైటు రాయి, దాని మీద బంగారు అక్షరాలతో విజయ్ పాల్ తల్లి కరుణమ్మ పేరు. ఎక్కడ దించాలని మనుషులు అడిగారు.

విజయ్ పాల్ గేటు నుంచి పది అడుగులు నడిచాడు. ఆగాడు. వెనక్కి వచ్చి మళ్ళీ నడిచాడు. తర్వాత ఫోను తీసి చెల్లెలు రూబీకి చేశాడు. స్పీకర్‌లో ఆమె మాట అందరికీ వినబడింది.

"రేగు చెట్టుకి ఎడం పక్కన, అన్నయ్యా. ఏటా నేనేగా చూపించేది."

"రేగు చెట్టు లేదు."

"లేకపోవడమేంటి?"

"ఇంకేదన్నా గుర్తు చెప్పు."

"తలవైపు ఎర్ర పూల మొక్క నాటాం కదా."

విజయ్ పాల్ తలెత్తి చూశాడు. ఆ నేలంతటికీ ఎర్రగా ఉన్నది ఒక్క చోటే. కుప్పలో ఎర్ర మందారాలు రెండు మూడు వాడిపోతున్నాయి గానీ అటు అతను చూడలేదు. రెండు చేతులూ ఊపుతూ జేసీబీకి అడ్డంగా పరిగెత్తాడు.

"ఆపరా చినబాబూ. అది మా అమ్మ మొక్క. ఒక్క ఆకు రాలినా ఊరుకోను."

"మరి తీర్మానమండి?" అన్నాడు చినబాబు, ఇంజను ఆపుతూ.

విజయ్ పాల్ ఆ మాట విననట్టే మాస్టారి వైపు తిరిగాడు. "మీరు రోజూ వస్తారు కదండీ. ఇది అమ్మదే కదా?"

మాస్టారు పొదలోకి చూశారు. గూట్లో మూడు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"మీ అమ్మ చోటు నాకంటే నీకే బాగా తెలియాలి విజయ్," అన్నారు.

అది అవుననడమే అనుకున్నాడు విజయ్ పాల్. సాయంత్రానికల్లా రాయి నిలబడింది. పొదను కలుపుకుని చుట్టూ ఇనుప కంచె కూడా లేచింది. ఈ పొదను ఎవరూ ముట్టుకోరాదని కమిటీ ఇంకో తీర్మానం రాసుకుంది.

ఈస్టరు నాడు పొద్దు పొడిచేసరికి ఊరి క్రైస్తవులంతా కొవ్వొత్తులతో వచ్చారు. చదును నేల మీద అటూ ఇటూ తిరిగి, తోచిన చోట వెలిగించుకున్నారు. పాపాయమ్మ నాలుగు చోట్ల నాలుగు వెలిగించింది. కంచె దగ్గర విజయ్ పాల్ కుటుంబం పాట పాడింది. అతను కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు ప్రార్థన చేశాడు. కళ్ళు తెరిచేసరికి వెనక మాస్టారు కొవ్వొత్తి పట్టుకుని నిలబడి ఉన్నారు. అతనికి జాలేసింది.

"మేడం గారి చోటు తెలిసేదాకా మా అమ్మ దగ్గరే వెలిగించుకోండి మాస్టారండీ," అంటూ కంచె తలుపు తీశాడు. "అమ్మ ఏమీ అనుకోదు."

మాస్టారు లోపలికి వెళ్ళి, గూటికి సెగ తగలనంత దూరంలో కొవ్వొత్తి నిలబెట్టారు. ఆ రాయి కింద ఉన్నది సంపూర్ణమ్మ అని ఆయన ఇంకా ఎవరికీ చెప్పలేదు.