రోడ్డెక్కని పోంటియాక్

బానెట్ ఎత్తగానే ఎల్బర్ట్‌కి తెలిసిపోయింది. మళ్ళీ ఎవరో చెయ్యి పెట్టారు.

నిన్న బిగించిన రేడియేటరు గొట్టం అడ్డంగా తెగి ఉంది. ఎలక కొరికింది కాదు. కత్తి గాటు.

అరవైతొమ్మిది నాటి పోంటియాక్ జీటీవో కారు అది. కుర్రతనంలో ఊళ్ళోని కార్ల కంపెనీలో అలాంటి బళ్ళకు తలుపులు బిగించిన మనిషి ఎల్బర్ట్. ఎవరి పొలం కొట్టంలోనో కోళ్ళు కాపురం చేస్తున్న బండిని ఇంటికి లాక్కొచ్చాడు. తుప్పు గీకాడు. ఇంజను మొత్తం విప్పి మళ్ళీ కట్టాడు. ఇక తాళం తిప్పడమే తరువాయి. ఆగస్టులో పాత బళ్ళన్నీ వుడ్‌వర్డ్ అవెన్యూ మీద బారులు తీరే రోజున దీన్ని తోలాలని అతని కోరిక.

ఆ తాళం తిప్పే ఘడియే రావడం లేదు. ఏప్రిల్లో కార్బ్యురేటర్‌లో ముక్క ఒకటి మాయమైంది. ఆ కాలం నాటి అసలు ముక్కే కావాలని పట్టుబడితే, అది ఒహాయో నుంచి రావడానికి నెల పట్టింది. అది బిగించేసరికి స్టార్టరు తీగలు తెగాయి. ఇప్పుడిది.

ఎల్బర్ట్‌కి కాలు నిలవడం లేదు. తుడిచిన అద్దమే తుడుస్తాడు. కూర్చుంటాడు, లేస్తాడు, బండి చుట్టూ తిరుగుతాడు. సోమ, బుధ, శుక్రవారాలు భార్య నడీన్ అతన్ని టౌనుకి తీసుకెళ్తుంది. తిరిగొచ్చాక ఒళ్ళు తెలియకుండా పడుకుంటాడు. ఆ మూడు రోజులూ దండగ అని అతని బాధ.

నడీన్ కాఫీ తెచ్చింది. సగం కప్పే.

“ఇంట్లో కాఫీకి కరువొచ్చిందా?”

“ఇచ్చింది తాగు. ఆ ఇనప్పెట్టె ఎప్పటికి తెములుతుందో చెప్పు. ఇల్లంతా గ్రీజు కంపు.”

“తెమలనిస్తే కదా ఆ డ్వైట్.”

డ్వైట్ పక్కింటివాడు. ఆ బండి తనకి అమ్మమని ఎన్నాళ్ళుగానో వెంటపడుతున్నాడు. ఎల్బర్ట్ కంచె దగ్గరికెళ్ళి అతన్ని నానా మాటలూ అన్నాడు. బండి ముట్టుకోలేదని డ్వైట్ తన తల్లి మీద ఒట్టేశాడు. ఎల్బర్ట్ నమ్మలేదు. ముప్పై ఏళ్ళ స్నేహం ఆ పూటతో తెగిపోయింది.

గ్యారేజీకి కొత్త తాళం వేశాడు. ఒక చెవి మెడలో వేసుకున్నాడు. రెండోది వంటింట్లో మేకుకి తగిలించాడు. కొత్త గొట్టం బిగించాడు.

శుక్రవారం టౌను నుంచి రాగానే నడుం వాల్చాడు. మర్నాడే పాత బళ్ళ ఊరేగింపు. నిద్ర పట్టలేదు. లేచి, మేజోళ్ళతోనే గ్యారేజీకి నడిచాడు.

తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ఇనుము చప్పుడు. గుమ్మం పక్కనున్న పానా అందుకుని తలుపు తోశాడు.

చొక్కా చేతులు పైకి మడిచి ఇంజను మీదికి వంగి ఉంది నడీన్. చేతిలో కటింగ్ ప్లేయరు. అతన్ని చూసి ఉలిక్కిపడలేదు. కత్తిరించిన తీగని నెమ్మదిగా జేబులో వేసుకుంది.

ఎల్బర్ట్ పానా కింద పెట్టాడు. డ్వైట్‌ని అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి.

“ఈ బండంటే నీకంత కసా?” అన్నాడు.

నడీన్ చేతులకంటిన నలుపు గుడ్డతో తుడుచుకుంది. బానెట్ దించింది. దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

“బండి రోడ్డెక్కేదాకే డయాలసిస్‌కి వస్తాను, ఆ తర్వాత నన్నొదిలేయండని డాక్టరుతో అన్నది నువ్వే కదా” అంది.